కప్పుకు కిటకిట.. లీగ్‌కు వెలవెల

మహిళల ఫుట్‌బాల్‌లో దేశాల జట్లు తలపడే టోర్నీ అయితే టికెట్ దొరకడమే గగనం. అదే క్రీడాకారిణులు వారం వారం తమ క్లబ్‌ల తరఫున ఆడే లీగ్ మ్యాచ్ అయితే గ్యాలరీలు బోసిపోతున్నాయి. 2022 జులై 31న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్, జర్మనీ ఆడిన యూరో ఫైనల్‌ను 87,192 మంది చూశారు. పురుషుల యూరో ఫైనళ్లకు కూడా ఎన్నడూ అంత జనం రాలేదు. 2023లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి నిర్వహించిన ప్రపంచకప్‌లో 64 మ్యాచ్‌లకు 19.78 లక్షల మంది హాజరయ్యారు. 2025లో స్విట్జర్లాండ్‌లో జరిగిన యూరోలో 31 మ్యాచ్‌లకు 6.57 లక్షల మంది వచ్చి ఆ టోర్నీ పాత రికార్డును చెరిపేశారు.

లీగ్‌ల లెక్క వేరుగా ఉంది. ఇంగ్లండ్‌లోని విమెన్స్ సూపర్ లీగ్‌లో 2023–24 సీజన్‌లో మ్యాచ్‌కు 7,300 దాటిన సగటు హాజరు, మరుసటి సీజన్‌లో సుమారు 10 శాతం పడిపోయింది. ప్రపంచకప్‌కు వేదికైన ఆస్ట్రేలియాలో పరిస్థితి మరీ ఇబ్బందికరం. కప్పు ముగిసిన వెంటనే వచ్చిన సీజన్‌లో అక్కడి ‘ఎ-లీగ్ విమెన్’ రికార్డు స్థాయి జనాన్ని చూసింది. ఏడాది తిరిగేసరికి అందులో సుమారు నాలుగో వంతు జారిపోయింది. కొన్నేళ్లుగా పెరుగుతూ వచ్చిన అమెరికా జాతీయ మహిళల సాకర్ లీగ్‌లోనూ 2025లో సగటు హాజరు కొద్దిగా తగ్గింది.

తిరునాళ్లకు వచ్చే జనం వేరు, వారపు సంతకు వచ్చే జనం వేరు. తిరునాళ్ల నాడు ఊళ్లకు ఊళ్లు కదిలివస్తాయి. సంత నడవాలంటే మాత్రం చుట్టుపక్కల వాళ్లు ప్రతి వారం రావాలి. మహిళల ఫుట్‌బాల్ మొదటి పని సాధించింది. రెండోది ఇంకా చేతికి చిక్కలేదు.

గేటు లెక్క ఎందుకు ముఖ్యం

స్టేడియానికి వచ్చే జనాన్ని బట్టి క్లబ్‌కు మూడు రకాల రాబడి ఉంటుంది. టికెట్లు, తినుబండారాలు, జెర్సీల అమ్మకం మొదటిది. ప్రకటనకర్తలు ఇచ్చే సొమ్ము రెండోది. టీవీ హక్కుల సొమ్ము మూడోది. ఖాళీ కుర్చీల ముందు జరిగే ఆట తెరపై పేలవంగా కనిపిస్తుంది కాబట్టి, గ్యాలరీ వెలితి చివరికి టీవీ బేరం మీద కూడా పడుతుంది. పురుషుల ఫుట్‌బాల్‌లో పెద్ద క్లబ్‌లకు టీవీ సొమ్మే కొండంత అండ. మహిళల లీగ్‌లకు ఆ అండ ఇంకా చిన్నది. ఇంగ్లండ్ మహిళల లీగ్ ప్రసార హక్కులకు 2025 నుంచి అయిదేళ్లకు స్కై, బీబీసీ కలిసి ఇస్తున్నది సుమారు 6.5 కోట్ల పౌండ్లు. పురుషుల ప్రీమియర్ లీగ్‌లో ఒకే ఆటగాడి బదిలీకి అంతకు మించి చెల్లించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

అందుకే ఇంగ్లండ్‌లో అనేక మహిళా జట్లు పురుషుల క్లబ్ ఇచ్చే సొమ్ము మీదే నడుస్తున్నాయి. ఆ క్లబ్ కష్టాల్లో పడితే మొదట కోత పడేది మహిళల జట్టు ఖర్చుకే. సొంత కాళ్ల మీద నిలబడాలంటే సొంత ప్రేక్షకులు ఉండాలి. హాజరు తగ్గుదల ఆందోళన కలిగించడానికి అసలు కారణం ఇది.

వారసత్వం తెగిన ఆట

మహిళల మ్యాచ్‌లకు జనం రావడం కొత్త సంగతేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో మగవాళ్లు యుద్ధానికి పోతే, కర్మాగారాల్లో పనికి చేరిన మహిళలు జట్లు కట్టి ఆడారు. వాటిలో ప్రెస్టన్ పట్టణంలోని డిక్, కెర్ కర్మాగారం జట్టు పేరుమోసింది. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లోని గూడిసన్ పార్క్‌లో ఆ జట్టు, సెయింట్ హెలెన్స్ మహిళలతో ఆడిన మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చారు. చోటు చాలక వేల మంది గేటు దగ్గరి నుంచే వెనుదిరిగారు.

ఏడాది తిరక్కముందే, 1921 డిసెంబరు 5న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఈ ఆట ఆడవాళ్లకు తగదంటూ తన సభ్య క్లబ్‌ల మైదానాల్లో మహిళల మ్యాచ్‌లను నిషేధించింది. ఆ ఆంక్ష తొలగడానికి దాదాపు అర్ధ శతాబ్దం పట్టింది. బ్రెజిల్ 1941 నుంచి 1979 వరకు, పశ్చిమ జర్మనీ 1955 నుంచి 1970 వరకు ఇలాంటి నిషేధాలనే అమలు చేశాయి. అయినా ఆట మీద మోజు చావలేదు. 1971లో ఫిఫా గుర్తింపు లేకుండానే మెక్సికోలో జరిగిన మహిళల ప్రపంచ టోర్నీ ఫైనల్‌లో డెన్మార్క్, మెక్సికో తలపడితే అజ్‌టెకా స్టేడియానికి లక్ష మందికి పైగా వచ్చారని అంచనా.

నిషేధాలు ఆటగాళ్ల అవకాశాలతో పాటు ప్రేక్షకుల వారసత్వాన్నీ తెంచేశాయి. పురుషుల క్లబ్‌లకు అభిమానం ఇంటిపేరులా సంక్రమిస్తుంది. తాత వెళ్లిన స్టేడియానికే తండ్రి వెళ్తాడు, తండ్రి చేయి పట్టుకుని బిడ్డ వెళ్తుంది. జట్టు ఓడినా, కింది డివిజన్‌కు పడిపోయినా ఆ కుటుంబం సీటు వదలదు. మహిళల జట్లకు అలాంటి మూడు తరాల అభిమానులు లేరు. ఇంగ్లండ్ మహిళల సూపర్ లీగ్ ఎనిమిది జట్లతో మొదలైందే 2011లో. అన్ని జట్లూ పూర్తికాల వృత్తి జట్లుగా మారింది 2018లో. నేడు దాని గ్యాలరీల్లో కూర్చున్నవారిలో చాలామంది తమ కుటుంబంలో మహిళల ఆట చూడటానికి వచ్చిన మొదటి తరం.

అమెరికా ముందే చెప్పిన పాఠం

పెద్ద టోర్నీ వెలుగు లీగ్‌కు దానంతటదే ప్రసరించదని అమెరికా పాతికేళ్ల క్రితమే తెలుసుకుంది. 1999 జులై 10న కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ స్టేడియంలో అమెరికా, చైనా ఆడిన ప్రపంచకప్ ఫైనల్‌కు 90,185 మంది వచ్చారు. ఆ ఊపులో 2001లో మహిళల యునైటెడ్ సాకర్ అసోసియేషన్ పేరిట ఎనిమిది జట్ల లీగ్ పుట్టింది. తొలి ఏడాది సగటున ఎనిమిది వేల మంది వచ్చారు. మూడో ఏడాదికి ఆ సంఖ్య ఏడు వేల లోపునకు దిగింది. ఖర్చు మాత్రం ఎనభై వేల మందిని ఊహించుకుని పెట్టినట్టుగా సాగింది. అయిదేళ్లకు సరిపోతుందనుకున్న 4 కోట్ల డాలర్లు మొదటి ఏడాదే కరిగిపోయాయి. 2003 సెప్టెంబరులో, మరో ప్రపంచకప్ అయిదు రోజుల్లో మొదలవుతుందనగా ఆ లీగ్ మూతపడింది. 2009లో వచ్చిన రెండో లీగ్ కూడా మూడు సీజన్లే ఆడింది.

2013లో మొదలైన మూడో లీగ్, అంటే నేటి జాతీయ మహిళల సాకర్ లీగ్, ఈ అనుభవంతో చిన్నగా అడుగులు వేసింది. జాతీయ జట్టు క్రీడాకారిణుల జీతాలను అమెరికా, కెనడా, మెక్సికో ఫుట్‌బాల్ సంఘాలు భరించాయి. క్లబ్‌లు ఖర్చు అదుపులో పెట్టుకున్నాయి. మొదటి సీజన్ సగటు నాలుగు వేల పైచిలుకే. 2024 నాటికి అది 11 వేలు దాటింది, ఆ సీజన్ మొత్తం హాజరు 20 లక్షలు మించింది. పదేళ్ల ఓపికకు దక్కిన ఫలితం ఇది. 2025లో వచ్చిన తగ్గుదల ఈ పునాదిని కదిలించేంతది కాదు. వారపు ప్రేక్షకులు ఒకసారి స్థిరపడితే ఒక సీజన్ ఒడుదొడుకును లీగ్ తట్టుకోగలదు.

ఇంగ్లండ్‌లో ఎక్కిన మెట్లు

యూరో 2022కు ముందు సీజన్‌లో ఇంగ్లండ్ లీగ్ సగటు హాజరు రెండు వేల దగ్గర ఉండేది. వెంబ్లీ విజయం తర్వాతి సీజన్‌లో 5,600 స్థాయికి, 2023 ప్రపంచకప్ ఫైనల్ తర్వాత 7,300కు పైగా ఎగబాకింది. పురుషుల జట్లు ఆడే పెద్ద స్టేడియాలను మహిళల మ్యాచ్‌లకు తెరవడం ఈ పెరుగుదలకు ముఖ్య కారణం. ఉత్తర లండన్ క్లబ్ ఆర్సెనల్ ఇందులో ముందు నిలిచింది. 2024 ఫిబ్రవరి 17న ఎమిరేట్స్ స్టేడియంలో మాంచెస్టర్ యునైటెడ్‌తో ఆడిన లీగ్ మ్యాచ్‌కు 60,160 మంది వచ్చారు. ఆ సీజన్‌లో ఎమిరేట్స్‌లో ఆడిన మ్యాచ్‌ల సగటు 52 వేలు దాటింది.

ఈ సగటును విడదీసి చూస్తేనే అసలు స్థితి అర్థమవుతుంది. 2023–24లో లీగ్ మొత్తం హాజరులో దాదాపు మూడో వంతు ఆర్సెనల్ సొంత మ్యాచ్‌లదే. మిగిలిన పదకొండు జట్లలో చాలావాటికి రెండు నుంచి అయిదు వేల మధ్యే వచ్చారు. కొద్దిపాటి భారీ మ్యాచ్‌లే మొత్తం సగటును పైకి లాగాయి. అలాంటి మ్యాచ్‌లు తగ్గినా, వాటి కొత్తదనం కాస్త పాతబడినా సగటు జారిపోక తప్పదు. 2024–25లో ఆర్సెనల్ ఎమిరేట్స్ మ్యాచ్‌ల సంఖ్యను పెంచింది. ఏడాదికి అయిదారుసార్లు వచ్చే విశేషం తరచూ జరిగే సంగతి అయింది కాబట్టి ఒక్కో మ్యాచ్‌కు వచ్చేవారు తగ్గారు. మొత్తం సీజన్‌లో ఆ స్టేడియంలో మహిళల ఆట చూసే అవకాశం మాత్రం ఎక్కువమందికి దక్కింది. కాబట్టి సగటు పతనాన్నంతటినీ వైఫల్యంగా లెక్కకట్టడం సరికాదు.

ఎందుకు తగ్గారు?

మొదటి కారణం వేసవి ఖాళీ. 2022లో యూరో, 2023లో ప్రపంచకప్ లీగ్‌కు సరిగ్గా ముందు జరిగాయి. 2024 వేసవిలో పారిస్ ఒలింపిక్స్ ఉన్నా బ్రిటన్ మహిళల ఫుట్‌బాల్ జట్టు అక్కడ లేదు. ఒలింపిక్ అర్హతకు దారైన నేషన్స్ లీగ్‌లో గోల్స్ తేడాతో నెదర్లాండ్స్ కన్నా వెనుకబడిన ఇంగ్లండ్, బ్రిటన్‌కు ఆ అవకాశాన్ని పోగొట్టింది. ఏ టోర్నీ ఊపూ లేకుండా మొదలైన సీజన్‌లోనే హాజరు పడిపోయింది. అంటే అంతకుముందు రెండేళ్ల జనంలో కొంత భాగం టోర్నీ అరువిచ్చిన జనమేనని తేలింది.

రెండోది వేళ. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 వరకు ఏ ఫుట్‌బాల్ మ్యాచ్‌నూ టీవీలో ప్రత్యక్షంగా చూపరాదన్న పాత నియమం ఉంది. మిగిలిన మంచి వేళలన్నీ పురుషుల లీగ్‌వే. మహిళల మ్యాచ్‌లకు మిగిలింది సందుల్లోని సమయమే. 2025–26 నుంచి కొత్త టీవీ ఒప్పందం ప్రకారం ఎక్కువ మ్యాచ్‌లను ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు పెట్టారు. వారం వారం ఒకే వేళ అన్నది మంచి ఆలోచనే. కానీ ఇంగ్లండ్‌లో బాలికల స్థానిక జట్లు ఆడుకునేది చాలావరకు ఆదివారం ఉదయాలే. మహిళల లీగ్‌కు ఎంతో కావలసిన పన్నెండేళ్ల అమ్మాయి, ఆమెను మైదానానికి తీసుకెళ్లే తల్లిదండ్రులు ఆ వేళకు బురద బూట్లతో ఇంటిదారి పట్టి ఉంటారు. పొరుగూరి అభిమానులకైతే ఆదివారం ఉదయం రైళ్లే తక్కువ.

మూడోది దూరం. క్లబ్ పేరు ఒక ఊరిది, మ్యాచ్ జరిగేది మరో ఊళ్లో. బ్రైటన్ మహిళలు ఏళ్లుగా ఆడుతున్నది బ్రైటన్‌కు దాదాపు 35 కిలోమీటర్ల దూరంలోని క్రాలీలో. మాంచెస్టర్ యునైటెడ్ మహిళల మైదానం లీ పట్టణంలో, లివర్‌పూల్ మహిళలది సెయింట్ హెలెన్స్‌లో ఉన్నాయి. పురుషుల మ్యాచ్‌కు ఇంటి నుంచి నడిచి వెళ్లే అభిమాని, మహిళల మ్యాచ్‌కు రెండు బస్సులు మారాలి. జట్టు మీద ఇష్టం ఉన్నా కాళ్లు కదలకపోవడానికి ఇదొక్కటే చాలు.

నాలుగోది గ్యాలరీ కొలత. అయిదు వేల మంది కూర్చునే చిన్న మైదానంలో నాలుగు వేల మంది ఉంటే చెవులు గింగురుమంటాయి. అదే నాలుగు వేల మంది అరవై వేల కుర్చీల మధ్య చెల్లాచెదురుగా ఉంటే అరుపులు గాలిలో కలిసిపోతాయి. మొదటిసారి వచ్చినవారికి మళ్లీ రావాలనిపించదు. పెద్ద స్టేడియం తెరిచి ప్రచారం లేకుండా వదిలేసిన క్లబ్‌లకు ఈ దెబ్బ గట్టిగా తగిలింది.

అయిదోది పోటీ పలచబడటం. 2019–20 నుంచి 2024–25 వరకు వరసగా ఆరుసార్లు చెల్సీయే విజేత. చివరి సీజన్‌లోనైతే ఆ జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడలేదు. విజేత ఎవరో ఫిబ్రవరిలోనే తెలిసిపోతే ఏప్రిల్ మ్యాచ్‌లకు జనాన్ని రప్పించడం కష్టం. పట్టిక అడుగున ఉన్న జట్లకు బడ్జెట్ తక్కువ, పేరున్న క్రీడాకారిణులు తక్కువ, ఫలితంగా ప్రేక్షకులూ తక్కువ.

వీటన్నింటికీ తోడు ఇక్కడి అభిమాని స్వభావం కూడా భిన్నమైనది. మహిళల ఆట చూసేవారిలో కుటుంబాలు, యువతులు, అంతకుముందు ఏ స్టేడియం గడపా తొక్కనివారు ఎక్కువ. వాళ్లలో చాలామంది క్లబ్ కన్నా ముందు ఒక క్రీడాకారిణిని ఇష్టపడి వస్తారు. ఆమె గాయపడినా, మరో దేశానికి వెళ్లిపోయినా వాళ్ల ఆసక్తి తగ్గుతుంది. ఆ ఇష్టాన్ని జట్టు మీద ప్రేమగా మార్చేంత సమయం క్లబ్‌లకు ఇంకా చిక్కలేదు.

ఉచిత టికెట్ నేర్పిన సంగతి

కుర్చీలు నింపడానికి తేలిగ్గా తోచే ఉపాయం టికెట్లను ఊరికే పంచడం. 2019 సెప్టెంబరు 8న స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో టాటెన్‌హామ్‌తో ఆడిన మ్యాచ్‌కు చెల్సీ అదే చేసింది. దాదాపు 40 వేల టికెట్లు చెల్లిపోయాయి. మ్యాచ్ రోజున వచ్చింది 24,564 మంది. డబ్బు పెట్టని టికెట్‌కు చినుకు పడినా, చుట్టాలొచ్చినా విలువ ఉండదు. ఖాళీగా మిగిలిన ప్రతి కుర్చీ, టికెట్ దొరకలేదని ఇంట్లో ఉండిపోయిన ఒక అభిమానిది.

ధర తక్కువగా ఉండాలి, కానీ ఉండాలి. యూరో 2022లో టికెట్లను 5 నుంచి 50 పౌండ్ల మధ్య అమ్మారు. కుటుంబమంతా కలిసి వెళ్లగల ధర అది. పురుషుల ప్రీమియర్ లీగ్‌లో టికెట్ల ఖరీదు సామాన్య కుటుంబాలను దూరం చేస్తున్న కాలంలో, మహిళల లీగ్‌కు అందుబాటు ధరే పెద్ద బలం. సీజన్ మొత్తానికి ఒకేసారి టికెట్ కొనిపించగలిగితే ఇంకా మేలు. ముందే డబ్బు చెల్లించినవారు వానలోనూ వస్తారు. పక్క సీటువాళ్లతో పరిచయమైతే ఆట కోసమే కాక ఆ పరిచయం కోసం కూడా వస్తారు.

జనం నిలిచిన చోట ఏం జరిగింది?

అమెరికాలోని కాన్సస్ సిటీ కరెంట్ జట్టు కోసం 2024 మార్చిలో 11,500 సీట్ల స్టేడియం ప్రారంభమైంది. వృత్తి మహిళల జట్టు కోసమే ప్రత్యేకంగా కట్టిన తొలి స్టేడియంగా దానికి పేరు. తొలి సీజన్‌లో ప్రతి లీగ్ మ్యాచ్‌కూ టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. జట్టు బలానికి తగిన కొలత, ఊరి నడుమ నది ఒడ్డున చోటు, మరో జట్టు తేదీల కోసం ఎదురుచూడనక్కర్లేని సొంత క్యాలెండర్ ఆ విజయానికి మూలాలు. ఇంగ్లండ్‌లోనూ ఈ దిశలో కదలిక ఉంది. ఎవర్టన్ పురుషుల జట్టు కొత్త స్టేడియానికి తరలడంతో, 2025–26 నుంచి గూడిసన్ పార్క్ మహిళల జట్టు సొంతమైంది. 1920లో 53 వేల మంది వచ్చిన మైదానం ఇదే. మహిళల జట్టు కోసం ప్రత్యేక స్టేడియం కట్టాలని బ్రైటన్ కూడా నిర్ణయించింది.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ థార్న్స్ జట్టు కథలో అభిమాన సంఘానిది ప్రధాన పాత్ర. ఆ నగరంలో పురుషుల జట్టుకు అప్పటికే బలమైన అభిమాన సంప్రదాయం ఉంది. మహిళల జట్టు పుట్టినప్పుడు ‘రోజ్ సిటీ రివెటర్స్’ పేరుతో అభిమానులే సంఘం కట్టుకున్నారు. డప్పులు, జెండాలు, పాటలు వాళ్లవే. 2019లో ఆ జట్టు సొంత మ్యాచ్‌ల సగటు హాజరు 20 వేలు దాటింది. స్టాక్‌హోమ్‌లోని హమ్మర్‌బీ క్లబ్‌లో కూడా పురుషుల మ్యాచ్‌లలో గొంతు చించుకునే అభిమానులే మహిళల మ్యాచ్‌లకు తరలివస్తారు. స్వీడన్‌లో క్లబ్‌ల యాజమాన్యంలో మెజారిటీ హక్కు సభ్యులది కావడంతో మహిళల జట్టునూ వాళ్లు తమదిగానే చూస్తారు. హమ్మర్‌బీ మహిళల లీగ్ మ్యాచ్‌కు 18 వేల మందికి పైగా వచ్చిన సందర్భం ఉంది.

ఇంగ్లండ్ నాలుగో డివిజన్‌లో ఆడుతున్న రోజుల్లోనే న్యూకాజిల్ యునైటెడ్ మహిళల జట్టు 2022 మే 1న సెయింట్ జేమ్స్ పార్క్‌లో తొలిసారి ఆడితే 22,134 మంది వచ్చారు. జట్టులో పేరుమోసిన తార ఒక్కరూ లేరు. ఊరికి ఒకటే పెద్ద క్లబ్, ఆ ఊరి అమ్మాయిలు, నగరం నడిబొడ్డున స్టేడియం. ఆ మూడే జనాన్ని రప్పించాయి. మెక్సికోలో 2017లో మహిళల లీగ్ మొదలైనప్పుడు పురుషుల తొలి డివిజన్ క్లబ్‌లు దాదాపు అన్నీ మహిళల జట్లను దించాయి. పాత వైరాలు కూడా వాటితో పాటే వచ్చాయి. మరుసటి ఏడాది మాంటెర్రే నగరంలోని రెండు క్లబ్‌ల మధ్య జరిగిన ఫైనల్ రెండో అంచెకు 51,211 మంది హాజరయ్యారు.

ఈ ఉదాహరణల వెనుక ఉన్న సూత్రం ఒకటే. ఊరు తమదనుకున్న జట్టుకు జనం వస్తారు. మహిళల ఆటను ప్రోత్సహించాలన్న సదుద్దేశంతో ఒకసారి వచ్చినవారు రెండోసారి రాకపోవచ్చు. పొరుగూరి జట్టును ఓడించాలన్న పంతంతో వచ్చినవారు మాత్రం మళ్లీ వస్తారు.

చేయాల్సిన పనులు

మ్యాచ్‌ల పట్టికను ముందుగా ప్రకటించి, దానికి కట్టుబడటం మొదటి పని. టీవీ కోసం రెండు వారాల ముందు వేళ మార్చితే, పిల్లలతో వచ్చే కుటుంబం ఆ మ్యాచ్‌ను వదులుకుంటుంది. బాలికల స్థానిక పోటీలు జరిగే వేళను తప్పించాలి. లేదా ఆ బాలికల జట్లనే స్టేడియానికి రప్పించి, విరామంలో వాళ్లచేత ఆడించాలి. యూనిఫాంతో వచ్చిన పదిహేను మంది అమ్మాయిల వెనుక ముప్పై మంది పెద్దలు ఉంటారు.

పెద్ద స్టేడియాన్ని ఎప్పుడు తెరవాలో లెక్క ఉండాలి. స్థానిక ప్రత్యర్థులతో ఆడే మ్యాచ్‌లు, కప్ మ్యాచ్‌లకు పెద్ద వేదికలు సరిపోతాయి. మిగతావాటికి నిండే వేదికే మేలు. పెద్ద స్టేడియంలోనే ఆడక తప్పనప్పుడు పైఅంతస్తులు మూసి, వచ్చినవారిని ఒకచోట చేర్చి కూర్చోబెడితే సందడి నిలుస్తుంది. పెద్ద మ్యాచ్‌కు వచ్చిన ప్రతి ఒక్కరికీ తర్వాతి మామూలు మ్యాచ్ టికెట్‌ను ఆ రోజే అమ్మగలగాలి. అరవై వేల మందిలో పదోవంతు తిరిగి వచ్చినా చిన్న మైదానం పట్టదు.

ప్రేక్షకులు ఏం కోరుకుంటున్నారో క్లబ్‌లు, కంపెనీలు కనిపెట్టాలి. 2023 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ గోల్‌కీపర్ మేరీ ఇయర్ప్స్ ఉత్తమ గోల్‌కీపర్ పురస్కారం గెలిచింది. ఆమె వేసుకున్న జెర్సీని మాత్రం నైకీ సంస్థ మార్కెట్‌లో పెట్టలేదు. లక్షన్నర మందికి పైగా సంతకాలు చేసి అడిగాక పెట్టింది, వెంటనే అమ్ముడైపోయింది. డబ్బు పట్టుకుని నిలబడ్డ అభిమానికి కొనడానికి సరుకు లేని స్థితి మహిళల ఫుట్‌బాల్‌లో తరచూ కనిపిస్తుంది. జెర్సీ మొదలుకుని మ్యాచ్ తర్వాత ఇంటికి చేరే బస్సు వరకు ఇదే వరస.

పోటీని సమం చేయడం లీగ్ నిర్వాహకుల బాధ్యత. 2024లో ఇంగ్లండ్ మహిళల లీగ్ నిర్వహణ ఫుట్‌బాల్ సంఘం చేతుల్లోంచి క్లబ్‌ల ఉమ్మడి సంస్థకు మారింది. 2026–27 నుంచి జట్ల సంఖ్యను 12 నుంచి 14కు పెంచాలని ఆ సంస్థ నిర్ణయించింది. జట్లు పెరిగితే కొత్త ఊళ్లు చేరతాయి. కొత్తగా వచ్చిన జట్లకు తగిన వాటా అందకపోతే ఏకపక్ష మ్యాచ్‌లు కూడా పెరుగుతాయి. ఉమ్మడి రాబడిని ఎలా పంచుతారన్న దాని మీదే ఈ విస్తరణ ఫలితం ఆధారపడి ఉంది.

భారత్‌లో మొదటి మెట్టే మిగిలింది

భారత్‌లో జనం తగ్గారన్న చర్చకు తావులేదు, ఎందుకంటే ఇంకా రావడమే మొదలుకాలేదు. ఇండియన్ విమెన్స్ లీగ్ 2016–17లో ప్రారంభమైంది. చాలా ఏళ్లు జట్లన్నింటినీ ఒకేచోట చేర్చి కొద్ది వారాల్లో ముగించారు. సొంతూరి మైదానం, ప్రత్యర్థి మైదానం అన్న పద్ధతి 2023–24లో వచ్చింది. తమ ఊళ్లో ఆడని జట్టుకు అభిమానులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు అప్పటిదాకా జవాబే లేదు. 2022లో అండర్–17 మహిళల ప్రపంచకప్‌కు భువనేశ్వర్, గోవా, నవీ ముంబయి వేదికలయ్యాయి. కప్పు వచ్చి వెళ్లింది. లీగ్ గ్యాలరీల్లో దాని ప్రభావం కనిపించలేదు.

ఆటలో మాత్రం ఎదుగుదల ఉంది. 2025 జులై 5న థాయ్‌లాండ్‌ను వారి గడ్డపైనే 2–1తో ఓడించి భారత్ 2026 ఆసియా కప్‌కు అర్హత సాధించింది. క్వాలిఫయింగ్ పోటీల ద్వారా ఆ టోర్నీకి చేరడం భారత్‌కు అదే తొలిసారి. తెలంగాణలోని నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య జాతీయ జట్టుకు ఆడింది, క్రొయేషియా క్లబ్ డైనమో జాగ్రెబ్‌కు ఎంపికైంది. 2024–25లో విమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులోనూ ఆమె ఉంది. ఇంత దూరం వెళ్లిన క్రీడాకారిణి ఆటను సొంత జిల్లా వాళ్లు లీగ్ మ్యాచ్‌లో చూడాలంటే రాష్ట్రం దాటాలి. ఈ లీగ్ విజేతల జాబితాలో తెలుగు రాష్ట్రాల క్లబ్ ఒక్కటీ లేదు.

క్రికెట్ ఇక్కడ పోలికకు పనికొస్తుంది. 2025 మహిళల వన్డే ప్రపంచకప్‌కు టికెట్లను వంద రూపాయల నుంచే అమ్మారు. విశాఖపట్నంలో కూడా మ్యాచ్‌లు జరిగాయి. నవంబరు 2న నవీ ముంబయిలో భారత్ కప్పు గెలిచిన ఫైనల్‌కు స్టేడియం కిక్కిరిసింది. అయితే క్రికెట్‌కు ఇంటింటా ప్రేక్షకులు ముందునుంచీ ఉన్నారు. మహిళల ఆట వైపు వాళ్లను తిప్పితే సరిపోయింది. ఫుట్‌బాల్‌కు అలాంటి నిల్వ బెంగాల్, కేరళ, గోవా, ఈశాన్య రాష్ట్రాల్లోనే ఉంది. కాబట్టి దేశమంతటా పలచగా పరచుకోకుండా, ఆట వేళ్లూనిన ఊళ్లలో సాయంత్రం వేళ, చిన్న మైదానాల్లో, పాఠశాల బాలికల జట్లను కలుపుకుని లీగ్‌ను నిలబెట్టడమే భారత్‌కు తగిన దారి.

మహిళల ఫుట్‌బాల్‌కు ఆదరణ లేదన్న వాదనను వెంబ్లీ, సిడ్నీ, బాసెల్ గ్యాలరీలు ఎప్పుడో కొట్టిపారేశాయి. లీగ్‌ల్లో కనిపిస్తున్న వెలితి ఆటలోని లోపం వల్ల వచ్చింది కాదు. వేళ కుదరకపోవడం, మైదానం దూరం కావడం, గ్యాలరీ కొలత తప్పడం, పోటీ ఏకపక్షం కావడం అన్నీ నిర్వాహకులు సరిదిద్దగలిగినవే. వచ్చే ప్రపంచకప్ 2027లో బ్రెజిల్‌లో జరుగుతుంది. ఒకప్పుడు మహిళల ఆటను చట్టంతో నిషేధించిన ఆ దేశంలోనూ స్టేడియాలు నిండుతాయనడంలో అనుమానం అక్కర్లేదు. క్లబ్‌లు సిద్ధం కావాల్సింది ఆ తర్వాతి ఆదివారానికి.